పెద్దల రక్షణ: చట్టం ఉంది, పైకం ఉంది, నడుమ మనిషి లేడు

తెలంగాణలో ఏ జిల్లా కలెక్టరేట్‌లోనైనా సోమవారం ప్రజావాణికి భూమి తగాదాలు, పింఛన్లు, ఇండ్ల అర్జీలతో పాటు తప్పకుండా వచ్చే అర్జీ ఒకటుంది: కొడుకులు బువ్వ పెడ్తలేరు. తీసుకున్న అధికారి దాన్ని ఆర్డీవోకు రాస్తారు, లేదా ఠాణాకు పంపుతారు. ఠాణాలో కొడుకును పిలిపించి నాలుగు గట్టి మాటలంటారు. అతను తలూపి తల్లిని బండెక్కించుకుని పోతాడు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో, నెల తర్వాత ఆమె వేళకు తింటున్నదో లేదో వెళ్లి చూడటం ఎవరి ఉద్యోగంలోనూ లేదు.

ఈ సమీక్ష ఆ లేని ఉద్యోగం గురించి. పెద్దల మీద జరిగే హింస, నిర్లక్ష్యం మాట వస్తే మన చర్చ రెండు చోట్ల ఆగిపోతుంది. ఒకటి, కాలం చెడిపోయిందన్న నిట్టూర్పు. రెండు, కఠిన చట్టం తేవాలన్న కేక. ఊరి స్థాయిలో శిక్షణకూ సేవలకూ డబ్బు ఎవరు పెట్టాలి, దేని మీద పెట్టాలి అన్న మూడో ప్రశ్న దాకా మాట రాదు.

ఆ ప్రశ్న వేయడానికి పెద్దపల్లి జిల్లా కమాన్‌పూర్ తగిన చోటు. ఆదివరాహస్వామి గుడితో పేరుపడ్డ ఊరు. ఒక దిక్కు వ్యవసాయం, మరో దిక్కు సింగరేణి రామగుండం-3 ఏరియా గనులు. 2016లో రామగిరి వేరే మండలమై సింగరేణి టౌన్‌షిప్ సెంటినరీ కాలనీ అటు పోయింది గానీ, రెండు మండలాల బతుకులూ ఒకే బొగ్గు చుట్టూ తిరుగుతున్నాయి. పల్లె వ్యవసాయ కుటుంబం, గని కార్మిక కుటుంబం, భూమి పోయి పరిహారం అందుకున్న కుటుంబం ఇక్కడ పక్కపక్కనే ఉన్నాయి. ముసలితనంలో ఎదురయ్యే కష్టం మూడింటిలో మూడు తీర్లుగా ఉంటుంది.

ఎంత ఉంది?

ముందు లెక్కలు చూద్దాం. 60 ఏళ్లు దాటినవాళ్లలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాది కాలంలో ఏదో ఒక రకమైన దురాగతానికి గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. 2017-18లో జరిగి 2021లో ఫలితాలు వెలువడిన మన దేశపు వృద్ధాప్య అధ్యయనం ‘లాసీ’ ప్రకారం 60 దాటినవారిలో సుమారు 5 శాతం మంది మాత్రమే గడిచిన ఏడాదిలో తమకు అలాంటిది జరిగిందని చెప్పారు. హెల్పేజ్ ఇండియా 2018లో 23 నగరాల్లో అడిగితే నాలుగో వంతు మంది స్వయంగా అనుభవించామన్నారు. బాధ పెట్టింది ఎవరంటే 52 శాతం మంది కొడుకు అని, 34 శాతం మంది కోడలు అని చెప్పారు.

ఒకే దేశంలో ఒకచోట 5, ఇంకోచోట 25. ప్రశ్న ఎట్లా అడిగారు, ఎవరి ముందు అడిగారు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. కొడుకు ఇంట్లో, కోడలు వినేంత దూరంలో కూచోబెట్టి ‘మిమ్మల్ని ఎవరైనా సరిగా చూడటం లేదా?’ అని అడిగితే ఏ అవ్వ అవునంటుంది? రాత్రికి అదే ఇంట్లో పడుకోవాలి కదా. నేర గణాంకాలు కూడా ఇక్కడ పెద్దగా పనికిరావు. జాతీయ నేర నమోదు సంస్థ వృద్ధులపై నేరాలను వేరే అధ్యాయంలో ఇస్తుంది గానీ, అందులోకి వచ్చేవి హత్య, దోపిడీ, మోసం వంటి కేసు కట్టదగ్గ నేరాలు. పూటకు అన్నం పెట్టకపోవడం, మందులు తేకపోవడం, మాట్లాడకుండా వెలివేయడం ఎఫ్ఐఆర్ దాకా రావు.

మన ఊళ్లలో వాటి రూపాలు తెలియనివి కావు. ఆస్తి పంపకంతో పాటు తల్లిదండ్రులనూ వంతులు వేసుకుంటారు. నెల పెద్దోని దగ్గర, నెల చిన్నోని దగ్గర. ముప్పై ఒకటో తారీఖు ఎవరి లెక్కలోకి వస్తుందన్న కాడ పంచాయితీ. ఇంకొన్ని ఇండ్లల్లో తండ్రి ఒకరికి, తల్లి ఒకరికి. యాభై ఏళ్లు కలిసి బతికిన జంట చివరి రోజుల్లో రెండు ఇండ్ల అరుగుల మీద ఒంటరిగా కూచుంటారు. ఏటీఎం కార్డు మనుమని జేబులో ఉంటుంది. కంటి ఆపరేషన్ వచ్చే ఏటికి వాయిదా పడుతుంది. ఉమ్మడి కరీంనగర్ పల్లెల్లో మరో ప్రమాదం మంత్రాల నెపం. ఊళ్లో ఎవరికి జ్వరమొచ్చినా ఒంటరి ముసలివాళ్ల మీదికి వేలు పోతుంది. పెద్దల రక్షణ గురించిన ఏ శిక్షణైనా ఈ ప్రాంతంలో ఆ మాట ఎత్తకుండా ఉండకూడదు.

కోల్‌బెల్ట్‌లో ముసలితనం

ఇక్కడి ఇండ్లలో కష్టం ఎక్కువగా డబ్బు చేతులు మారే చోట మొదలవుతుంది. డబ్బుతో గానీ దూరంతో గానీ కష్టం మొదలయ్యే చోట్లు ఇక్కడ నాలుగు.

మొదటిది ఉద్యోగం. 1990ల తొలినాళ్లలో లక్షా పదివేలు దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు సుమారు 40 వేలు. అంటే ఒక్క పర్మినెంట్ కొలువు విలువ ఎన్నో రెట్లు పెరిగింది. వారసత్వ ఉద్యోగాల పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేశాక, అనారోగ్యంతో పనికి తగడని మెడికల్ బోర్డు తేల్చిన కార్మికుడి స్థానంలో వారసుడికి కారుణ్య నియామకం దొరికే దారి మిగిలింది. తండ్రి అన్‌ఫిట్ అయి దిగితే కొడుకో అల్లుడో ఎక్కుతాడు. ఇద్దరు కొడుకులున్న ఇంట్లో ఉద్యోగం ఒకరికి, మాట మరొకరికి. కొలువు వచ్చినవాడు తమ్ముడికి ఇంత ఇవ్వాలని, తల్లిదండ్రులను చూడాలని పెద్దమనుషుల ముందు ఒప్పందం జరుగుతుంది. కొన్నేళ్లకు ఆ కాగితం బీరువాలో ఉంటుంది, మాట గాలికి పోతుంది. భూమి రాసిచ్చి మోసపోతే వయోవృద్ధుల చట్టం కింద ట్రైబ్యునల్ ఆ పత్రాన్ని రద్దు చేయగలదు. ఇచ్చిన ఉద్యోగం మాత్రం తండ్రికి తిరిగి రాదు.

ఉద్యోగంతో పాటే ఇల్లూ మారుతుంది. క్వార్టర్ కంపెనీది, కొలువున్నవాడి పేరు మీద ఉంటుంది. నిన్నటిదాకా తండ్రి క్వార్టర్‌లో కొడుకు ఉన్నాడు, ఇవ్వాళ కొడుకు క్వార్టర్‌లో తండ్రి ఉన్నాడు. అవే గోడలు, అదే వంటిల్లు. అధికారం మాత్రం అటుది ఇటు అయింది.

రెండోది రిటైర్‌మెంట్ సొమ్ము. సింగరేణిలో 2021 నుంచి పదవీ విరమణ వయసు 61. ఆ రోజు శాలువా కప్పి పంపిస్తారు. కొద్ది వారాల్లో గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ (బొగ్గు గనుల భవిష్య నిధి) కలిపి జన్మలో చూడనంత మొత్తం ఒక్కసారి ఖాతాలో పడుతుంది. బిడ్డ పెండ్లి అప్పు, కొడుకు వ్యాపారం, ప్లాటు, చిట్టీ, వడ్డీకి తిప్పుతానన్న బంధువు అందరూ ఆ వారాల్లోనే వస్తారు. తర్వాత మిగిలేది 1998 బొగ్గు గనుల పింఛను పథకం కింద వచ్చే నెలసరి. దానికి కరువు భత్యంతో ముడి లేదు. ధరలు పెరిగినా అది పెరగదు. ఇరవై ఏళ్ల కింద దిగినవాళ్లకు అది మందులకూ చాలదు. రిటైరైన కార్మికుడని ఆ ఇంటికి ప్రభుత్వ ఆసరా పింఛను రూ. 2,016 కూడా అందదు. పల్లెలో కూలి చేసి ముసలైన వ్యక్తికి నెలకు వచ్చే రూ. 2,016 కంటే బొగ్గు తవ్విన పెద్దాయన పింఛను తక్కువ ఉండే వింత ఇక్కడ ఉంది.

మూడోది భూమి పరిహారం. ఓపెన్‌కాస్టులు విస్తరించిన కొద్దీ లద్నాపూర్ వంటి ఊళ్లు ఖాళీ అయ్యే పరిస్థితి వచ్చింది. 2013 భూసేకరణ చట్టం ప్రకారం వయసు వచ్చిన ప్రతి ఒక్కరూ పునరావాసానికి వేరే కుటుంబం కిందే లెక్క. అది న్యాయమైన నియమమే. అయితే భూమి డబ్బు పట్టా ఉన్న పెద్దాయన పేరున వస్తుంది, పునరావాస ప్యాకేజీ కొడుకుల పేరున వస్తుంది. ఎవరికి వారు వేర్వేరు చోట ఇల్లు కట్టుకుంటారు. పెద్దాయన డబ్బు ఆ ఇండ్లలోకే పోతుంది, ఆయనకు మాత్రం వాటిలో గది ఉండదు. ఊరు పోయినప్పుడు పక్కింటివాళ్లు, కులపెద్దలు, రచ్చబండ కూడా పోతాయి. తిండి పెట్టని కొడుకును నలుగురిలో నిలదీసే కట్టడి ఉండేది అక్కడే.

నాలుగోది దూరం. గల్ఫ్‌కు పోయిన కొడుకు నెలనెలా డబ్బు పంపుతాడు. హైదరాబాద్‌లో ఉన్న బిడ్డ పండక్కి వస్తుంది. ఇక్కడ ద్వేషం లేదు, దెబ్బ లేదు. అయినా పక్షవాతం వచ్చిన మనిషిని పొద్దున లేపి కూచోబెట్టే చెయ్యి లేదు. ఇటువంటి ఇంటికి పోలీసును పంపి లాభం లేదు. కావలసింది ఇంటికొచ్చి చేసే సేవ.

చట్టం చేసిందీ, చేయనిదీ

తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నిబంధనలు రాసుకుంది. ఆర్డీవోయే ట్రైబ్యునల్. కమాన్‌పూర్‌ వాళ్లకు మంథని ఆర్డీవో. వకీలు అక్కర్లేదు, ఫీజు లేదు. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే మరో 30 రోజులు. నెలకు రూ. 10,000 వరకు పోషణ వేయవచ్చు. చెల్లించకపోతే వారంటు, నెల దాకా జైలు. 24వ సెక్షన్ ప్రకారం పెద్దలను వదిలేయడం నేరం, మూడు నెలల దాకా శిక్ష. అప్పీలు హక్కు పెద్దలకే ఉంది. చూసుకుంటారన్న షరతుతో రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే 23వ సెక్షన్ కింద రద్దు చేయవచ్చు.

ఆ షరతు దగ్గరే చాలామంది దెబ్బతిన్నారు. దానపత్రంలో ఆ మాట ఉండాలని, లేదా షరతు ఉన్నట్టు రుజువు కావాలని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో తేల్చింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో చట్టం ఉద్దేశాన్ని చూసి ఉదారంగా అన్వయించాలని, ఆస్తిని తిరిగి స్వాధీనం చేయించే అధికారం ట్రైబ్యునల్‌కు ఉందని చెప్పింది. ఇంత న్యాయచర్చకు మూలం ఒక్క వాక్యం. ‘మమ్మల్ని బతికినంత కాలం పోషించాలన్న షరతుతో ఇస్తున్నాము’ అన్న వాక్యం పత్రంలో ఉంటే సగం కేసులు సులువవుతాయి. వ్యవసాయ భూముల రిజిస్ట్రేషన్ 2020 నుంచి తహసీల్దారు కార్యాలయంలోనే జరుగుతోంది. పత్రం రాసే మనిషికి, ఆపరేటర్‌కు ఒక పూట శిక్షణ ఇచ్చి, దానపత్రం ఇచ్చే ప్రతి పెద్దను ‘ఈ షరతు పెట్టాలా?’ అని అడగడం తప్పనిసరి చేస్తే అయ్యే ఖర్చు దాదాపు సున్నా. అంత చవకైన రక్షణ ఈ రంగంలో ఇంకొకటి లేదు.

ఈ చట్టాన్ని మరోసారి చదివితే ఒక అసమానత కనిపిస్తుంది. పిల్లలు పోషించి తీరాలి. ప్రభుత్వం మాత్రం జిల్లాకొకటి చొప్పున 150 మంది నిరుపేదలకు వృద్ధాశ్రమాలు ‘ఏర్పాటు చేయవచ్చు’. అది దయ మీద ఆధారపడ్డ నిబంధన. కానీ 21వ సెక్షన్ అలా కాదు. చట్టం గురించి విస్తృత ప్రచారం, పోలీసులు, న్యాయాధికారులు సహా అధికారులకు ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వడం రాష్ట్రం విధి అని అది కచ్చితంగా చెబుతుంది. కేంద్రం పంపిన నమూనా నిబంధనలైతే ప్రతి ఠాణా ఒంటరి వృద్ధుల జాబితా ఉంచుకోవాలని, పోలీసు ఒకరు సామాజిక కార్యకర్తతో కలిసి నెలకోసారైనా వెళ్లి చూడాలని అంటాయి. చట్టంలో శిక్షణ బాధ్యత ఉంది, బడ్జెట్‌లో దానికి శీర్షిక లేదు. రూ. 10,000 పరిమితి ఎత్తేసి, కోడళ్లను అల్లుళ్లనూ బాధ్యులను చేసి, ప్రతి ఠాణాలో ఒక నోడల్ అధికారిని పెట్టాలన్న సవరణ బిల్లు 2019 డిసెంబరులో లోక్‌సభకు వచ్చి, 2024లో ఆ సభతో పాటే కాలం చేసింది.

శిక్షణ: ఎవరికి, ఏది?

శిక్షణ ఇస్తే హింస తగ్గుతుందా? నిజాయితీగా చెప్పాలంటే సాక్ష్యం పలచన. వృద్ధులపై హింస నివారణ చర్యల మీద 2016లో వచ్చిన కోక్రేన్ సమీక్షకు ప్రపంచం మొత్తంలో పనికొచ్చే అధ్యయనాలు ఏడే దొరికాయి. శిక్షణతో సిబ్బందికి అవగాహన పెరగవచ్చు, దానివల్ల హింస తగ్గిందని మాత్రం గట్టిగా చెప్పలేమన్నది దాని సారాంశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ఐదు ప్రాధాన్యాల్లో మెరుగైన సమాచారం, ఖర్చుకు తగ్గ ఫలితమిచ్చే పరిష్కారాలు, నిధుల సేకరణ ఉండటానికి కారణం అదే. సంరక్షకులకు తోడ్పాటు, డబ్బు వ్యవహారాల్లో సాయం, హెల్ప్‌లైన్, అత్యవసర ఆశ్రయం, వేర్వేరు శాఖల ఉమ్మడి బృందాలు ఆశ కలిగిస్తున్నవని ఆ సంస్థ చెప్పింది.

మన దగ్గర శిక్షణ అంటే జూన్ 15న, వృద్ధులపై దురాగతాల వ్యతిరేక దినాన, ఒక ర్యాలీ, ఒక ఫ్లెక్సీ, ఒక ప్రతిజ్ఞ. 2006లో మొదలై 2011లో ఐక్యరాజ్య సమితి గుర్తింపు పొందిన ఆ రోజు విలువ దానికుంది. కానీ ర్యాలీలో నడిచేవాళ్లు తల్లిదండ్రులను బాగా చూసుకునేవాళ్లే. శిక్షణ ఫలించాలంటే పెద్దల ఇంటికి ఇప్పటికే పోతున్నవాళ్లకు, పెద్దల డబ్బు చేతులు మారే బల్ల దగ్గర కూచున్నవాళ్లకు ఇవ్వాలి.

మొదటి వరుసలో ఆశ కార్యకర్త. జాతీయ ఆరోగ్య మిషన్ మార్గదర్శకాల ప్రకారం ఆమె పెద్దలను మూడు తరగతులుగా చూడాలి: తిరగగలిగేవారు, తిరుగుడు తగ్గినవారు, మంచాన పడ్డవారు. మూడో తరగతిలోనే నిర్లక్ష్యం దాగి ఉంటుంది. వీపున పుండ్లు, ఉతకని పక్క, తడి తగలని పెదవులు చూసి ఏం చేయాలో, ఎవరికి చెప్పాలో ఆమెకు తెలియాలి. దేశంలో 60 దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉందని 2023లో ఒక జాతీయ అంచనా వచ్చింది. చాదస్తం అని ఇంట్లో విసుక్కునే దాంట్లో ఎంత జబ్బుందో కోడలికి ఎవరూ చెప్పలేదు. రాత్రంతా తలుపు తట్టే అత్తను ఏళ్ల తరబడి చూసుకునే కోడలు ఒకనాడు చెయ్యెత్తితే అది నేరమే. కానీ వారానికి ఒక పూట ఆమె బదులు ఇంకొకరు కూచుంటే ఆ చెయ్యి లేవకపోవచ్చు. సంరక్షకులకు విశ్రాంతి ఇవ్వడం కూడా హింస నివారణే.

రెండో వరుసలో కోల్‌బెల్ట్ మనుషులు: గని పర్సనల్ విభాగం గుమస్తా, సంక్షేమ అధికారి, యూనియన్ పిట్ (గని) కార్యదర్శి, సీఎంపీఎఫ్ కౌంటర్, బ్యాంకు క్యాషియర్, నవంబరులో జీవన ధ్రువపత్రం వేలిముద్ర తీసుకునే మీసేవ కుర్రాడు. ఆ ధ్రువపత్రం రోజు ఏడాదిలో ప్రతి పింఛనుదారుడూ మనిషిగా కనపడి తీరే రోజు. ‘పింఛను ఎవరు తీస్తున్నారు? కార్డు మీ దగ్గరే ఉందా?’ అని ఒంటరిగా రెండు ప్రశ్నలు అడిగితే ఏ సర్వేకూ దొరకని సమాచారం దొరుకుతుంది. పదవీ విరమణకు ఆరు నెలల ముందు భార్యాభర్తలిద్దరినీ కూచోబెట్టి నామినీ, ఉమ్మడి ఖాతా, వీలునామా, వైద్య కార్డు, చట్టం గురించి ఒక పూట చెప్పవచ్చు. శాలువా రోజు చెబితే ఆలస్యం.

మూడో వరుస మహిళా సంఘాలు. తెలంగాణ 2025లో 60 దాటిన మహిళలతోనూ సంఘాలు పెట్టడం మొదలుపెట్టింది. అంతకుముందు అరవై నిండితే సంఘం నుంచి దిగిపోవడమే. కేరళ మహిళా సంఘాల వ్యవస్థ కుటుంబశ్రీ తన సభ్యులకు ‘హర్షం’ పేరుతో వృద్ధుల సంరక్షణలో శిక్షణ ఇచ్చి, దాన్ని వాళ్లకు జీతం తెచ్చే పనిగా మార్చింది. మన దగ్గర సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాల ఆడవాళ్లకు, యువతకు ఉపాధి శిక్షణలు ఎప్పటినుంచో ఇస్తోంది. కుట్టుమిషను పక్కన మంచానపడ్డవారి సంరక్షణ కోర్సు ఒకటి చేరిస్తే శిక్షణ, ఉపాధి, సేవ మూడూ ఒకే ఖర్చులో వస్తాయి.

పైకం ఎక్కడుంది?

‘నిధులు లేవు’ అన్న జవాబు ఇతర చోట్ల చెల్లుతుందేమో గానీ, బొగ్గు తవ్వే జిల్లాలో చెల్లదు.

బొగ్గు మీద రాయల్టీ 14 శాతం. 2015 గనుల చట్ట సవరణ ప్రకారం పాత లీజులున్న సంస్థలు రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తాన్ని జిల్లా ఖనిజ నిధికి కట్టాలి. అంటే నూరు రూపాయల బొగ్గు మీద రూ. 4.20. 2023-24లో సింగరేణి తవ్వింది సుమారు 7 కోట్ల టన్నులు. ఆ నిధిని ఖర్చు పెట్టే ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ్ యోజన అధిక ప్రాధాన్య రంగాల జాబితాలో తాగునీరు, వైద్యం, విద్యతో పాటు వృద్ధులు, దివ్యాంగుల సంక్షేమం కూడా ఉంది. 2024 మార్గదర్శకాలు ఆ జాబితాకు కనీసం 70 శాతం కేటాయించమంటున్నాయి. అయినా ఖనిజ నిధి అంటే మన ప్రతినిధుల మనసులో మెదిలేవి సీసీ రోడ్డు, ప్రహరీ గోడ, కమ్యూనిటీ హాలు. కట్టడానికి శిలాఫలకం ఉంటుంది. మంచానపడ్డ అవ్వకు వారానికి రెండుసార్లు స్నానం చేయించిన సేవకు శిలాఫలకం ఉండదు.

రెండో వనరు కంపెనీ సామాజిక బాధ్యత సొమ్ము. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద సగటు నికర లాభంలో 2 శాతం. ఏడో షెడ్యూలులో వృద్ధాశ్రమాలు, డే కేర్ కేంద్రాలు, వయోవృద్ధులకు ఇతర సౌకర్యాలు పేరు పెట్టి మరీ ఉన్నాయి. 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది అయిన సింగరేణికి ఇది దానం కాదు. ఆ లాభం తెచ్చినవాళ్లే ఇప్పుడు ముసలివాళ్లు.

మూడోది కేంద్ర సామాజిక న్యాయ శాఖ అటల్ వయో అభ్యుదయ యోజన. ఆశ్రమాలకు, సంచార వైద్యశాలలకు, ఫిజియోథెరపీ కేంద్రాలకు స్వచ్ఛంద సంస్థల ద్వారా గ్రాంటు ఇస్తుంది. సంరక్షకుల శిక్షణకూ అందులో చోటుంది. ఎల్డర్‌లైన్ 14567 దాని కిందిదే. గమనించవలసిందేమంటే, ఆ హెల్ప్‌లైన్ పుట్టింది మన దగ్గర. టాటా ట్రస్టులు, విజయవాహిని ఫౌండేషన్ 2017లో రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి హైదరాబాద్‌లో మొదలుపెట్టిన ప్రయత్నమే 2021 అక్టోబరు 1న దేశమంతటికీ పోయింది. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది, అవసరమైతే క్షేత్ర సిబ్బందిని పంపుతుంది. అయితే ఫోన్ కొడుకు చేతిలో ఉన్న ఇంట్లో హెల్ప్‌లైన్ ఏం చేస్తుంది? నంబరు సగం పని చేస్తుంది, మిగతా సగానికి మనిషి రావాలి. న్యాయ సేవల సంస్థకు 2016 నుంచి వయోవృద్ధుల పథకం, 15100 నంబరు, పారా లీగల్ వాలంటీర్లు ఉన్నారు. వాలంటీరుకు రోజు భత్యం తప్ప జీతం లేదు.

విదేశాల అనుభవంలో ఒక హెచ్చరిక, ఒక పాఠం ఉన్నాయి. అమెరికా 2010లో ఎల్డర్ జస్టిస్ చట్టం చేసింది. వయోజన రక్షణ సేవలకు అది రాసిన ప్రత్యేక నిధులు నిజంగా విడుదల కావడానికి దశాబ్దం పట్టింది. కరోనా వస్తే తప్ప ఖజానా తెరుచుకోలేదు. కెనడా 2004 నుంచి ‘న్యూ హొరైజన్స్’ పథకం కింద స్థానిక సంఘాలకే చిన్న చిన్న మొత్తాలు ఇస్తోంది, పెద్దలే ఆ పనుల్లో పాలుపంచుకోవాలన్నది నియమం. చిన్న మొత్తం సులభంగా చేరుతుంది. ఏడాది తిరిగేసరికి అయిపోతుందన్నది అటువంటి పథకాలకు ఉండే లోపం. ఏటేటా కొత్త అర్జీ పెట్టుకునే సంస్థ, శిక్షణ ఇచ్చిన మనిషిని నిలుపుకోలేదు.

జీతం కోత చాలుతుందా?

2017లో అస్సాం ‘ప్రణామ్’ చట్టం చేసింది. తల్లిదండ్రులను చూడని ప్రభుత్వోద్యోగి జీతంలో 10 శాతం కోసి వాళ్లకే ఇస్తారు, దివ్యాంగులైన తోబుట్టువులుంటే 15 శాతం. 2025 అక్టోబరులో గ్రూప్-2 నియామక పత్రాలు ఇస్తూ తెలంగాణ ముఖ్యమంత్రి కూడా 10 నుంచి 15 శాతం కోసే చట్టం తెస్తామన్నారు. కారుణ్య నియామకాల్లో కుటుంబాన్ని పోషిస్తానని రాసివ్వడం ప్రభుత్వ సంస్థల్లో ఉన్న పద్ధతే కాబట్టి, కోల్‌బెల్ట్‌లో ఆ మాటకు పట్టు ఎక్కువ. తండ్రి కొలువు తిన్న కొడుకుకు ఇది న్యాయమే.

కానీ జీతం కోత జీతమున్నవాడి మీదే పనిచేస్తుంది. కమాన్‌పూర్‌లో కాంట్రాక్టు కార్మికుడు, ఆటో డ్రైవరు, కౌలు రైతు, గల్ఫ్ కూలీ తల్లిదండ్రులకు దాంతో పని లేదు. కొడుకుకే పూట గడవని ఇంట్లో ట్రైబ్యునల్ ఆదేశం కూడా కాగితమే. మరో అభ్యంతరం బరువైనది. ఆస్తి తగాదాలో కోడలిని ఇంట్లోంచి వెళ్లగొట్టడానికి 2007 చట్టాన్ని వాడుకున్న సందర్భాలున్నాయి. 2020 డిసెంబరులో ఎస్. వనిత కేసులో సుప్రీంకోర్టు గృహహింస చట్టం కింద కోడలికున్న నివాస హక్కును ఈ చట్టంతో తుడిచేయలేరని చెప్పవలసి వచ్చింది. శిక్షణ లేని పంచాయితీ ఎప్పుడూ ఇంట్లో బలహీనమైన మనిషిని వెతికి ఆమె మీదే తీర్పిస్తుంది. ఒక ఇంట్లో ఆ మనిషి అత్త కావచ్చు, ఇంకో ఇంట్లో కోడలు కావచ్చు. ఇద్దరి మాటా విడివిడిగా వినడం నేర్చుకున్న మనిషి కావాలి.

ఉత్తర తెలంగాణలోనే దీనికి నమూనా ఉంది. జగిత్యాలలో వయోవృద్ధుల సంఘం వాళ్లు కొన్నేళ్లుగా బాధిత తల్లిదండ్రులకు, పిల్లలకు కౌన్సెలింగ్ ఇస్తూ, అవసరమైతే ఆర్డీవో ట్రైబ్యునల్ దాకా తోడు వెళ్తున్నారు. 2007 చట్టం 5వ సెక్షన్ పెద్దల తరఫున సంస్థ అర్జీ వేయవచ్చంటుంది. గోదావరిఖనిలో రిటైర్డ్ కార్మికుల సంఘాలున్నాయి, పింఛను పెంచాలని ధర్నాలు చేస్తాయి. అదే సంఘం సభ్యుడి ఇంటి గడప లోపలి సంగతి మాత్రం ‘ఇంటి విషయం’ అని వదిలేస్తుంది. ఆ మొహమాటం పోవాలి.

ఒక మండలం లెక్క

డబ్బు మాట ఎత్తాక అంకె చెప్పాలి. ఇది ప్రభుత్వ అంచనా కాదు, ఈ వ్యాసకర్త వేసిన లెక్క. కమాన్‌పూర్ వంటి మండలానికి ఇద్దరు పూర్తికాలం పెద్దల సహాయకులు, అందులో ఒకరైనా స్త్రీ. నెలకు రూ. 20,000 చొప్పున ఏడాదికి రూ. 4.8 లక్షలు. తిరుగుళ్లకు, ఫోన్లకు రూ. 1.2 లక్షలు. ఆశలు, పంచాయతీ కార్యదర్శులు, పత్రాలు రాసేవాళ్లు, ఠాణా సిబ్బంది, గని సంక్షేమ సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ రూ. 1.5 లక్షలు. అర్ధరాత్రి బయటపడ్డ మనిషికి వారం రోజుల ఆశ్రయం, ఆసుపత్రి, మందులకు అత్యవసర నిధి రూ. 2 లక్షలు. మొత్తం రూ. 9.5 లక్షలు. ఒక చిన్న కమ్యూనిటీ హాలు ఖర్చు కూడా కాదు.

ఆ ఇద్దరి పని స్పష్టంగా రాసి ఉండాలి. ఒంటరి, మంచానపడ్డ పెద్దల జాబితా ఉంచడం. ఫిర్యాదు వచ్చిన ఇంటికి మూడు రోజుల్లో వెళ్లడం, పెద్దలతో ఒంటరిగా మాట్లాడటం. ట్రైబ్యునల్ అర్జీ రాయడం. తీర్పు వచ్చాక ఆరు నెలలు నెలనెలా వెళ్లి చూడటం. మండలం మీద ఆధారపడకుండా వాళ్లు మంథని ఆర్డీవోకు, జిల్లా సంక్షేమ అధికారికి నేరుగా నివేదించాలి, లేకపోతే ఊరి పలుకుబడి వాళ్ల నోరు కట్టేస్తుంది. జీతం ఖనిజ నిధి నుంచి, శిక్షణ సింగరేణి సామాజిక బాధ్యత సొమ్ము నుంచి, ఆశ్రయం కేంద్ర గ్రాంటు నుంచి రావచ్చు. మూడు ఖాతాల డబ్బు ఒకే పనికి కలపడం కలెక్టర్ చేతిలో ఉంది, ఎందుకంటే ఖనిజ నిధికి అధ్యక్షుడు కలెక్టరే. కనీసం మూడేళ్లకు ఒకేసారి మంజూరు చేయాలి.

ఫలితం కొలవడానికి ఎన్ని సదస్సులు పెట్టారన్నది చూడకూడదు. మొదటి ఏడాది ఫిర్యాదులు పెరగాలి. పెరిగితే హింస పెరిగిందని కాదు, నమ్మకం పెరిగిందని అర్థం. ఎన్ని ట్రైబ్యునల్ ఆదేశాలు ఆరు నెలల తర్వాత కూడా అమలవుతున్నాయి, ఎన్ని దానపత్రాల్లో పోషణ షరతు చేరింది, ఎందరి ఏటీఎం కార్డు వాళ్ల చేతికి తిరిగొచ్చింది అన్న మూడు అంకెలు చాలు. శిక్షణ పనిచేస్తుందా లేదా అని కోక్రేన్ సమీక్ష తేల్చలేకపోయిన ప్రశ్నకు ఒక బొగ్గు మండలం జవాబు చెప్పగలిగితే అది మిగతా రాష్ట్రానికి కూడా పనికొస్తుంది.

ఇందులో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. జిల్లా ఖనిజ నిధి తర్వాతి వార్షిక ప్రణాళికలో వృద్ధుల సంక్షేమం కింద ఒక భవనం పేరు కాకుండా రెండు ఉద్యోగాల పేర్లు రాయించాలి. ఆ కాగితం ముసాయిదాగా ఉన్నప్పుడే యూనియన్లు, రిటైర్డ్ కార్మికుల సంఘాలు, సర్పంచులు వెళ్లి అడగాలి. మంజూరయ్యాక అడిగితే మళ్లీ ఏడాది ఆగాలి, డెబ్భై ఎనిమిదేళ్ల మనిషికి ఏడాది చిన్న గడువు కాదు.